మహాకాయుడి కాల్లో లిఫ్టు

ఇటు రండి, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టండి, ఎక్కడికీ పారిపోదు. నేను గొంతు పెంచి చెప్పలేను. పక్కగదిలో మావాడున్నాడు. వింటే "అమ్మ మళ్లీ మొదలుపెట్టింది" అంటాడు.

ముందే చెప్పేస్తున్నాను. చరిత్రను మార్చి రాసుకోవడమంత గొప్ప పని ఈ లోకంలో మరొకటి లేదు! జరిగిన చరిత్ర కన్నా జరగని చరిత్ర వెయ్యి రెట్లు మేలు! జరిగినదాన్ని నేను ఎనభై ఏళ్లుగా చూస్తూనే ఉన్నాను కదా, ఏముంది అందులో? కిరసనాయిలు క్యూలు, మూసేసిన మిల్లులు, గాలి మాత్రమే వచ్చే కుళాయిలు. ఒక్కటంటే ఒక్క రోబో ఉందా? లేదు!

మా ఇంట్లో తయారవుతున్న చరిత్రలో ఉన్నాయి. ఒక్కొక్కటి ఏడంతస్తుల మేడంత ఎత్తు. దాని తలకాయలో ఒక మనిషి కూర్చుని మీటలు లాగి నడుపుతాడు. ఆ మనిషిని పైలట్ అనాలి. డ్రైవర్ అంటే మావాడికి కోపం వస్తుంది.

మావాడంటే చిన్నపిల్లాడనుకునేరు! నా పెద్ద కొడుకు. యాభై దాటాయి. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం, నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలకూ రంగు, పొద్దున్నే బీపీ మాత్ర. వాడికి తోడు రెండో అంతస్తులో ఉండే పళ్ల డాక్టరు, మొదటి అంతస్తులో ఉండే డ్రాయింగ్ మాస్టారు. ముగ్గురూ కలిసి మా భోజనాల బల్ల మీద ఒక ప్రపంచాన్ని కడుతున్నారు. మొదట బొమ్మలతో లావుపాటి పుస్తకం వేస్తారట. తర్వాత ఆ పుస్తకాన్ని బట్టి పాచికలతో ఆడుకునే ఆట ఒకటి తెస్తారట.

మీ ఇళ్లలో మగవాళ్లు సాయంత్రమైతే ఏం చేస్తారు? టీవీ ముందు కూర్చుని ఎవరినో ఒకరిని తిడతారు. మావాళ్లు అలా కాదు, నూట యాభై ఏళ్ల కిందటి లోకాన్ని మరమ్మతు చేస్తారు! ఎంత బాధ్యత! పైగా ఎంత తెలివి! ఆ కాలం వాళ్లెవరూ లేచి వచ్చి "మాకిలా వద్దండీ" అనరు. నీళ్ల ట్యాంకు కడగలేదని తలుపు తట్టరు. చచ్చిపోయినవాళ్లంత సర్దుకుపోయే జనం మనకెక్కడ దొరుకుతారు చెప్పండి?

దీనికో పద్ధతి కూడా ఉంది. మావాడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి వివరించాడు.

"చరిత్రలో ఒక్కటే మారుస్తామమ్మా. మిగతాదంతా దాన్నుంచి దానంతట అదే రావాలి. ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటూ పోతే అది చరిత్ర ఎలా అవుతుంది?"

వీళ్లు మార్చిన ఆ ఒక్కటీ ఏమిటంటే, ఎప్పుడో ఒక కమ్మరి ఇనుములో ఏదో కలిపాడు. అది దూదిలా తేలికైపోయింది. అంతే! తేలిక ఇనుముతో రోబోలు లేచి నిలబడ్డాయి. ఊరి నుంచి ఊరికి సరుకులూ మనుషులూ అన్నీ వాటి భుజాల మీదే. ఇక రైళ్లెందుకు, పట్టాలెందుకు?

"రైళ్లు లేవా?" అన్నాను.

"లేవమ్మా. పుట్టనే పుట్టలేదు."

"ఒరేయ్, మీ నాన్న రైలు గేటు దగ్గర పనిచేసేవారు. గేటు పడి, నేను ఇవతల ఆగిపోతేనే కదరా ఆయన నన్ను చూసింది! రైలు లేకపోతే గేటు లేదు. గేటు లేకపోతే నేను ఆగను, ఆయన చూడరు. నువ్వెక్కడ పుడతావు?"



"అది డీటెయిల్ అమ్మా" అన్నాడు మావాడు.

చూశారా త్యాగం! తను పుట్టకపోయినా ఫర్వాలేదు, రోబో పుడితే చాలు. ఇలాంటి కొడుకు ఎంతమంది తల్లులకు దొరుకుతాడు?

తర్వాత యుద్ధం పెట్టారు. తొమ్మిదేళ్ల యుద్ధం. ఎందుకు నాయనా అని అడిగితే పళ్ల డాక్టరు నా వైపు జాలిగా చూశాడు.

"యుద్ధం లేకపోతే అంతంత రోబోలు ఊరికే నిలబడి ఏం చేస్తాయి పెద్దమ్మగారూ?"

నిజమే కదా! కట్టిన వస్తువు ఖాళీగా ఉండకూడదు. అయినా నా నోరు ఊరుకోదు. "అది అడుగు వేసినప్పుడు ఆ కాలి కింద ఇళ్లుంటాయి కదా, ఆ ఇళ్లవాళ్లో?" అన్నాను.

"ముందే ఖాళీ చేయించేస్తామండీ."

"చేయించి ఎక్కడికి పంపిస్తారు?"

"అదింకా రాయలేదండీ."

ఆ ముక్క రాయకుండా వదిలేసినవాళ్లు వీళ్లే మొదటివాళ్లు కారులెండి. జరిగిన చరిత్రలోనూ ఆ పేజీ ఖాళీగానే ఉంది.

అన్నిటికన్నా పెద్ద రోబో పేరు మహాకాయుడు. దానికి ముప్ఫై రెండు పళ్లు. తినేది లేదు, నమిలేది లేదు, పళ్లు దేనికండీ? "శత్రువు హడలిపోవాలి కదా" అన్నాడు డాక్టరు. జ్ఞానదంతాలతో సహా మాస్టారి చేత గీయించాడు. కింది వరసలో ఒకటి వంకరగా ఉంది. దాన్ని మాత్రం మూడో భాగంలో తనే సరిచేస్తాడట.

వాళ్ల శ్రద్ధను తక్కువ చేసి మాట్లాడకండి! పేషెంటుని నోరు తెరిపించి కుర్చీలో పడుకోబెట్టి, మహాకాయుడి దవడ గురించి ఆలోచన తట్టిందని పైకి పరుగెత్తుకొచ్చాడు డాక్టరు. మాస్టారు బళ్లో పిల్లలకు పూలకుండీ గీయమని పరీక్ష పెట్టి, బోర్డు మీద రోబో మోకాలు గీసి వచ్చాడు. పిల్లలందరూ మోకాలే గీశారు, అందరికీ మార్కులు వచ్చాయి. మావాడి ఆఫీసు మేనేజరు శత్రుసైన్యంలో దుర్మార్గుడయ్యాడు. రెండో అధ్యాయంలోనే నలిగిపోతాడు.

"నానమ్మా, ఆ మేనేజర్ మొన్న మనింటికొచ్చి ఆ బొమ్మ చూసి, ఎవరో మా బావమరిదిలా ఉన్నాడే అన్నారు" అని మా మనవరాలు నవ్వలేక చచ్చింది.

భోజనాల బల్ల నిండా పటాలు పరిచి ఉంటాయి కాబట్టి మేం వంటింట్లో నిలబడి తింటాం. నిలబడి తింటే త్వరగా అరుగుతుంది, అదొక లాభం. ఒకనాడు మా కోడలు గిన్నెల ముందు నిలబడి, "అత్తయ్యా, వాళ్ల చరిత్రలో గిన్నెలెవరు తోముతున్నారో కాస్త కనుక్కోండి" అంది. కనుక్కున్నాను.

"దానికో చిన్న రోబో ఉందమ్మా."

"అది ఇటువైపు ఎప్పుడొస్తుందో కూడా చెప్పమనండి" అంది కోడలు లోపల్నుంచి. తొమ్మిదేళ్ల యుద్ధం మీద ఉన్నవాళ్లను గిన్నెల గురించి అడగవచ్చా?

నన్నడిగితే ఈ పద్ధతిని ఊరంతా పెట్టాలంటాను. రోడ్డు మీద గుంట పడిందా? పూడ్చడమెందుకు దండగ? ఆ రోడ్డే వెయ్యని చరిత్ర ఒకటి రాసేస్తే సరి! ఆసుపత్రిలో మంచం దొరకలేదా? జబ్బులు లేని చరిత్రలో చేర్పించండి! మోరీ పొంగిందా? పొంగనివ్వండి, రోబోకి బూట్లుంటాయి!

ఇంతకీ నీకొచ్చిన బాధేమిటమ్మా అంటారా? నాకేం బాధ లేదు! నాలుగో అంతస్తులో, బాల్కనీ పక్కన కుర్చీలో, మహారాణిలా కూర్చున్నాను. మా బిల్డింగులో లిఫ్టు పనిచెయ్యడం లేదు, అంతే.

మోకాలికి ఆపరేషన్ చేయించి నన్ను ఆ లిఫ్టులోనే పైకి తెచ్చారు. మెట్ల జోలికి పోవద్దన్నాడు డాక్టరు. ఆయన ఎముకల డాక్టరు, ఈ పళ్ల డాక్టరు కాదు. మర్నాడే లిఫ్టు ఆగిపోయింది. తలుపుకి "పనిచేయదు" అని ఒక అట్టముక్క వేలాడదీశారు. ఈ బిల్డింగు మొత్తంలో ఒక్కరోజు కూడా మానకుండా పనిచేస్తున్నది ఆ అట్టముక్కే.

నాకో చెల్లెలుంది. పక్కవీధిలో ఉండేది. దానికి చెవులు బొత్తిగా వినపడవు. కానీ ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే పెదాలు చూసి మొత్తం పట్టేస్తుంది, నేను దాచుకున్న మాటతో సహా. ఫోనులో దానితో ఏం మాట్లాడను? వీడియో కాల్ చెయ్యమంది మనవరాలు. చేశాం. ఫోను చేతిలో వణకగానే మా చెల్లెలు అలవాటుకొద్దీ దాన్ని చెవికి ఆనించుకుంది. పావుగంట సేపు దాని చెవిని చూశాను. "అక్కా, మాట్లాడవేం?" అని అది అక్కడ అరుస్తోంది. చెవి మాత్రం చక్కగా ఉంది.

దాని మోకాళ్లు నావాటికన్నా అధ్వాన్నం. అది ఎక్కలేదు, నేను దిగలేను. నెలాఖరుకి దాని కూతురు వచ్చి దాన్ని తనతో తీసుకుపోతుందని కబురొచ్చింది. ఒక రైలు దిగి, ఇంకో రైలెక్కి పోవాల్సినంత దూరం. ఈ వయసులో ఇక ఎవరు ఎవరిని చూస్తారు? అది వెళ్లేలోగా ఒక్క పూట దాని ఎదురుగా కూర్చోవాలి. నా కోరికల్లా అదొక్కటే. దానికి కావలసింది ఒక్క లిఫ్టు.

లిఫ్టు బాగుచేయించాల్సింది ఎవరు? బిల్డింగు కమిటీ. ప్రెసిడెంటు పళ్ల డాక్టరు. సెక్రటరీ మావాడు. మూడో మెంబరు డ్రాయింగ్ మాస్టారు. నవ్వకండి!

మెకానిక్ వచ్చి చూసే వెళ్లాడు. మోటారు పక్కన చక్రం అరిగిపోయింది, కొత్తది వెయ్యాలి, కమిటీ కూర్చుని సరేనంటే ఎంతోసేపు పట్టదు అన్నాడు. ఆదివారం కమిటీ కూర్చుంది. ఎక్కడ? మా భోజనాల బల్ల దగ్గర. బల్ల మీద ఏముంది? మహాకాయుడు.

చూశాను, చూశాను. లిఫ్టు మాట ఎవరూ ఎత్తరు. శత్రువు కోటగోడ రోబో నడుం దాకా ఉండాలా, భుజం దాకా ఉండాలా అన్న దగ్గరే ఉన్నారు. సూటిగా అంటే నొచ్చుకుంటారేమో, కాస్త చుట్టుతిప్పి గుర్తుచేద్దామనుకున్నాను.

"నాయనా, ఆ పైలట్టు ఏడంతస్తుల ఎత్తున తలకాయలో కూర్చుంటాడన్నారు కదా. పైకి ఎక్కేదెలా?"

మాస్టారి చేతిలో పెన్సిలు ఆగిపోయింది. డాక్టరు పటాన్ని ముందుకు లాక్కుని పాదం నుంచి పళ్ల దాకా వెతికాడు. మెట్లు లేవు, నిచ్చెన లేదు, తాడైనా లేదు! తొమ్మిదేళ్ల యుద్ధం జరిగిపోయింది, పతకాలు పంచేశారు, కానీ ఇంతవరకు ఒక్క పైలట్టూ రోబో ఎక్కలేదు!

"అమ్మా!" అంటూ మావాడు లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వాడి కళ్లలో వెలుగు. హమ్మయ్య, తట్టింది వీడికి అనుకున్నాను.

"లిఫ్టు!" అన్నాడు.

"అవున్రా నాన్నా, లిఫ్టే!"

"మహాకాయుడి కాల్లో లిఫ్టు పెడదాం!"

ఇక చూడాలి వాళ్ల దీక్ష! కుడి కాలా, ఎడమ కాలా అని సాయంత్రాల తరబడి వాదించుకున్నారు. గుర్రాన్ని ఎడమవైపు నుంచి ఎక్కుతారు కాబట్టి ఎడమ కాలే న్యాయమని తేల్చారు. లోపల అద్దం ఉండాలా? ఉండాలట. యుద్ధానికి వెళ్లే పైలట్ తన మొహం తను ఒకసారి చూసుకోవాలట. మధ్యలో ఆగిపోతే మోగించడానికి గంట, కూర్చోవడానికి చిన్న బల్ల, గాలికి కిటికీ. అంత మంచి లిఫ్టును నేను నా జన్మలో చూడలేదు. ఇప్పుడూ చూడలేదనుకోండి, అది కాగితం మీదుంది.

ఒక రోజు మెకానిక్కుని మళ్లీ పిలిపించారు. నా ప్రాణం లేచి వచ్చింది. పాపం పనిముట్ల సంచితో నాలుగంతస్తులూ ఎక్కి రొప్పుతూ వచ్చాడు. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, పటం ముందు పెట్టారు.

"ఇది ఏ బిల్డింగండీ?" అన్నాడు.

"బిల్డింగ్ కాదు. కాలు" అన్నాడు మావాడు.

"కాలా?"

"ఇది మోకాలు. నడిచేటప్పుడు వంగుతుంది. అప్పుడు లోపల లిఫ్టు ఎలా వెళ్లాలో నువ్వు చెప్పాలి."

మెకానిక్ పటాన్ని తిరగేసి, మళ్లీ తిన్నగా పెట్టుకుని చూశాడు. "వంగితే ఇరుక్కుపోతుందండీ. దాన్ని కాసేపు కదలకుండా నిలబడమనండి."

"యుద్ధంలో కదలకుండా ఎలా నిలబడుతుందయ్యా?"

"యుద్ధం జరుగుతుంటే లిఫ్టులో తిరగడం దేనికండీ?" అని టీ గ్లాసు పక్కన పెట్టాడు. "సరే గానీ, కింద మీ లిఫ్టు సంగతేం చేశారు? చక్రం తెప్పించనా?"

"అది చూద్దాంలే. ముందు ఇది తేలనీ" అన్నాడు ప్రెసిడెంటు.

మెకానిక్ నా వంక చూశాడు. నేను మెకానిక్ వంక చూశాను. అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. దిగగలిగినవాళ్లకేం!

ఆ రాత్రి మొహమాటం వదిలేశాను. "ఒరేయ్, మీ పిన్ని వెళ్లిపోతోందిరా. ఒక్కసారి దాన్ని చూడాలిరా."

"నాకు తెలీదా అమ్మా? నువ్వేం కంగారు పడకు. కుర్చీలో కూర్చోబెట్టి మేం ముగ్గురం మోసుకుపోతాం. ఎంతసేపు?"

మర్నాడు కూర్చోబెట్టారు, ఎత్తారు. మొదటి మలుపులోనే కుర్చీ గోడకీ రెయిలింగుకీ మధ్య ఇరుక్కుంది. అటు పోదు, ఇటు రాదు. నేను కుర్చీలో, కుర్చీ గాలిలో! డాక్టరుకి నడుం పట్టేసింది. కొండల్ని పెకలించి విసిరే రోబోల్ని కన్న చేతులు ఎండిపోయిన ఒక్క ముసలిదాన్ని ఒక్క మలుపు తిప్పలేకపోయాయి. మా కోడలొచ్చి, కుర్చీ కాలు రెయిలింగులోంచి ఊడదీసి, నన్ను వెనక్కి పైకి చేర్పించింది.

డాక్టరు నడుం పట్టుకుని మెట్ల మీద కూర్చుని, చాలాసేపు ఆలోచించి, "పైలట్ సీటు మనం మరీ వెడల్పు పెట్టేశామేమో" అన్నాడు.

ముగ్గురూ వెంటనే పైకెళ్లి సీటు తగ్గించారు.

చెల్లెలు వెళ్లే రోజు వచ్చింది. పొద్దున్నే కింద కారు హారను మోగింది. గోడ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాను. అది కారు దిగి, కర్ర ఊతంతో వీధిలో నిలబడి, మెడ వెనక్కి విరిచి నా కోసం చూస్తోంది. పక్కన దాని కూతురు టైము చూసుకుంటోంది.

అరిచి లాభం లేదు. అంత దూరానికి పెదాలు కనిపించవు. వేళ్లు నోటి దగ్గర పెట్టి, తిన్నావా అని అడిగాను. తలూపింది. నా మోకాలు చూపించి, చెయ్యి అడ్డంగా తిప్పాను. అది కర్రతో తన మోకాలు తట్టి, తనూ అడ్డంగా తిప్పింది. ఇద్దరం నవ్వాం. నవ్వు ఎంత దూరానికైనా కనిపిస్తుంది. నిద్ర పడుతోందా అని చెంప కింద చెయ్యి పెట్టుకుని అడిగింది. ఏదో కొంచెం అని వేళ్లతో చూపించాను. మందులు మానకు అని మింగినట్టు చూపిస్తే, చెయ్యి విసిరి కసురుకుంది, నాకు చెప్పొచ్చావులే అని.

కూతురు భుజం పట్టుకుని కారెక్కమంటోంది. మా చెల్లెలు కర్రని కారుకి ఆనించింది. కుడిచెయ్యి పైకెత్తింది. వెళ్లొస్తానని ఊపలేదు. అరచెయ్యి తెరిచి, నా మొహం అక్కడే చేతికి అందేంత దగ్గర్లో ఉన్నట్టు, నుదుటి దగ్గర్నుంచి గడ్డం దాకా నెమ్మదిగా నిమిరింది. నేనూ ఇక్కణ్నుంచి అలాగే నిమిరాను. కారు వెళ్లిపోయింది.

వెనక్కి తిరిగితే ముగ్గురూ నిలబడి ఉన్నారు. మావాడి కళ్లలో నీళ్లు. అబద్ధమెందుకు, నాకూ మనసు కరిగింది. ఆలస్యమైతేనేం, బిడ్డకి తెలిసొచ్చింది అనుకున్నాను.

"అమ్మా," అన్నాడు. "ఆ చివర్న చేశావు చూడు, చేత్తో... అదొక్కసారి మళ్లీ చూపించవూ?"

చూపించాను. మాస్టారు గీసుకున్నాడు.

వాళ్ల చరిత్రలో రేడియో లేదట. ఈ కొండ మీదున్న పైలట్ ఆ కొండ మీదున్న పైలట్‌కి కబురు చెప్పేదెలాగో ఎన్నాళ్లుగానో తేలలేదట. ఆ పూట తేలిపోయింది. రోబోలు చేతులతో మాట్లాడుకుంటాయి! తిన్నావా అన్నది, ఇంధనం ఉందా అని అయింది. మోకాలు తట్టడం, కదలలేకపోతున్నాను అని అయింది. మొహం నిమరడం చావబోయే పైలట్ చేసే ఆఖరి సైగ అయింది. ఈ సైగల భాషను కనిపెట్టింది ఒక సేనాపతి అని మధ్యాహ్నానికల్లా రాసేశారు కూడా. ఆయనకు మీసాలున్నాయి.

"సేనాపతి ఎవర్రా మధ్యన? చేసింది నేనూ మీ పిన్నీ కదా!"

"ఆ కాలంలో మీరెక్కడున్నారమ్మా?" అన్నాడు మావాడు, ఎంతో ఓపిగ్గా.

నిజమే, ఆ కాలంలో మేం లేం. ఖర్మకాలి ఈ కాలంలో ఉన్నాం. అదే మేం చేసిన తప్పు! ఓ నూట యాభై ఏళ్లు ముందే పుట్టి, ఏదో ఒక యుద్ధంలో చచ్చిపోయి ఉంటే మా ముగ్గురు మేధావులూ రాత్రింబవళ్లు మా కోసం ఆలోచించేవాళ్లు. అద్దం, గంట, బల్ల, కిటికీ అన్నీ అమర్చి, మమ్మల్ని ఎడమ కాల్లోంచి పైకీ కిందికీ తిప్పేవాళ్లు. బతికుండి, పక్కగదిలో కూర్చుని, నాలుగంతస్తులు కిందికి దిగుతానంటే ఎవరికి తీరిక?

మీరో పని చేసిపెట్టాలి. ఆ పుస్తకం వస్తుంది. బాగా అమ్ముడుపోతుంది కూడా, మాస్టారి బొమ్మలు బావున్నాయి. అందులో ఒకచోట మంటల మధ్య నిలబడిన రాకాసి రోబో అరచెయ్యి తెరిచి గాలిని నిమురుతుంది. చదివినవాళ్లందరూ ఆహా అంటారు. అప్పుడు మీరు ఊరుకోకండి. అది మీసాల సేనాపతిది కాదని చెప్పండి. చెవులు వినపడని ఒక చెల్లెలు వీధిలో కారు పక్కన నిలబడి, పైన ఉండిపోయిన అక్క మొహాన్ని తడుముకున్న చెయ్యి అది అని చెప్పండి. ఉన్నది ఉన్నట్టు గుర్తుపెట్టుకుని చెప్పండి. విన్నవాళ్లను ఇంకొకళ్లకు చెప్పమనండి.

నేనే ఇంటింటికీ వచ్చి చెబుదును గానీ, లిఫ్టు పనిచెయ్యడం లేదు.